కొత్త టవర్లు, పాత బడి

హైదరాబాద్ పడమటి శివారులో, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఒకప్పుడు ఊళ్లుగా ఉన్నచోట ఇప్పుడు ముప్పై, నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. ఊరి పేరు మిగిలింది. ఊరి నడుమ సర్కారు బడి మిగిలింది. ఊరు పదింతలైనా బడి గదులు మాత్రం దాదాపు అన్నే ఉన్నాయి. ఈ సంగతి మీద నాకు బాగా తెలిసిన అక్కాతమ్ముళ్లు ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. అక్క అలాంటి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు సివిల్ ఇంజనీరు, ఆ వైపే అపార్టుమెంట్లు కట్టే సంస్థలో భాగస్వామి. ఇద్దరూ తమ పనిని ప్రేమించినవాళ్లే. అందుకే ఈ వాదన పదిమందికీ చేరాలనిపించింది. వాళ్ల మాటల్లోనే ఇస్తున్నాను.

అక్క: తమ్మీ, మీ కొత్త ప్రాజెక్టు బోర్డు చూసిన. పదమూడు వందల ఫ్లాట్లని ఉన్నది. అవి కట్టేటోళ్ల పిల్లలు, కట్టినంక అండ్ల పనికి వచ్చేటోళ్ల పిల్లలు ఏ బడిల చదువుకుంటరో ఎప్పుడన్న లెక్క చూసుకున్నరా?

తమ్ముడు: పార్కింగ్ లెక్క ఉంటది, నీళ్ల లెక్క ఉంటది, కరెంటు లోడు లెక్క ఉంటది. బడి లెక్క మమ్మల్ని ఎవరూ అడగరు, మేం చెయ్యం. దాచేదేమున్నది. కానీ నేనొకటి అడుగుత, చెప్పు. మా ఫ్లాట్లు కొన్నోళ్లల్ల ఒక్కరన్న పిల్లల్ని మీ బడికి పంపినరా? ఎల్‌కేజీకే లక్షలు కట్టి ఇంటర్నేషనల్ స్కూలుకు పంపేటోళ్లు వాళ్లు. మా టవర్లతోని మీ బడి నిండిందంటే ఎట్ల ఒప్పుకోవాలె?

అక్క: అందరూ లెక్క తప్పేది అక్కడనే. ఫ్లాటు కొన్నాయన పిల్లలు రారు. ఆ ఫ్లాటుకు గోడ పెట్టిన మేస్త్రీ పిల్లలు వస్తరు. పాలమూరు నుంచి, నారాయణఖేడ్ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వస్తరు. టవర్ల జనం దిగినంక వాచ్‌మన్ వస్తడు, డ్రైవర్ వస్తడు, వంటామె వస్తది, ఇస్త్రీ బండాయన వస్తడు. వాళ్లు ఊరి పాత ఇండ్లల్ల, రేకుల షెడ్లల్ల ఒక్కో అర్రకు ఒక్కో కుటుంబం లెక్కన కిరాయికి ఉంటరు. ఒక టవర్ నిండితే దాని ఎనుక ఒక బస్తీ నిండుతది. ఆ బస్తీకి ఉన్నది ఊరి బడి ఒక్కటే. దాన్ని కట్టినప్పుడు ఊరికి కట్టిండ్రు, నగరానికి కాదు.

తమ్ముడు: సరే, మా పనోళ్ల పిల్లలే అనుకుందాం. వాళ్లు వచ్చింది పని దొరుకుతదని. ఊర్ల పని లేక వచ్చిండ్రు. మేం కట్టుడు ఆపితే వాళ్లేం తినాలె?

అక్క: కట్టుడు ఆపమని నేను అన్నానా? ముందు ఆ బడి ఎట్లున్నదో ఇను. నేను పోయినప్పుడు ఆరో తరగతికి రెండు సెక్షన్లు. దిగిపోయేనాటికి నాలుగు. ఒక్కో సెక్షన్ల డెబ్బై మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాక ముప్పై అయిదుగురికి ఒక టీచరు, టీచరుకు ఒక గది ఉండాలె. ముగ్గురు కూసునే బెంచీ మీద అయిదుగురిని కూసోబెట్టినం. రాసేటప్పుడు మోచెయ్యి ఆడదు. అందుకని ఒకడు ముందుకు వంగి రాస్తుంటే పక్కోడు ఎనక్కి ఒరిగి కూసుంటడు, మళ్ల వాని వంతు. బెంచీల నడుమ సందు లేక టీచరు ఎనుక వరుస దాక పోదు. ఎనుక కూసున్న పిల్ల నోటుబుక్కుల ఏం రాసిందో ఏడాదంతా ఎవ్వరూ చూడలే. ఏడో తరగతి ఒక సెక్షన్ వరండాల నడిచేది. వాన జల్లు కొడితే ఆ పూట పాఠం లేదు. సైన్స్ ల్యాబును ఎనిమిదో తరగతికి ఇచ్చినం, లైబ్రరీ పుస్తకాలు మూటలు కట్టి బీరువా మీద పెట్టినం. ఆడపిల్లలైతే బాత్రూమ్ కాడ వరుసల నిలబడలేక పొద్దటి నుంచి నీళ్లు తాగుడే మానేస్తరు. పదమూడు, పద్నాలుగేండ్ల పిల్లలు తమ్మీ. ఒకామె ప్రేయర్‌ల కండ్లు తిరిగి పడిపోతే నేనే ఎత్తుకొని లోపలికి తీసుకపోయిన.

తమ్ముడు: మరి అంతమందిని ఎందుకు చేర్చుకున్నవు? జాగ లేదని బోర్డు పెట్టాలె.

అక్క: చట్టం ఒప్పదు, నా మనసూ ఒప్పదు. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాక ఏ పిల్ల వచ్చినా, ఏ నెలల వచ్చినా చేర్చుకోవాలె. టీసీ లేదని, పుట్టిన తేదీ కాయితం లేదని ఎల్లగొట్టొద్దు. ఆ చట్టం మంచిదే. దసరా ఎనుక ఒక సైట్ల స్లాబ్ పని మొదలైతదా, వారంల ఇరవై మంది కొత్తోళ్లు వస్తరు. సంక్రాంతి దాటంగనే ఆ పని అయిపోతదా, మళ్ల ఎళ్లిపోతరు. ఒకడు ఒడియా చదువుకున్నోడు, ఒకడు హిందీ, ఒకడు ఏ బడీ చూడనోడు. వాళ్లను ఎక్కడ కూసోబెట్టాలె, ఏ పుస్తకం ఇయ్యాలె? 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టినంక చిన్న ప్రైవేటు బడుల ఫీజులు కట్టలేని ఆటో డ్రైవర్లు కూడ పిల్లల్ని మా దిక్కు తీసుకొచ్చిండ్రు. వాళ్లు నమ్మి వచ్చినందుకు సంతోషపడ్డం. కూసోబెట్టే తావు లేక తలదించుకున్నం. ఇగ బడి ఖర్చులకు ఇచ్చే గ్రాంటు సంగతి. సమగ్ర శిక్ష కింద 251 మంది ఉన్న బడికీ 75,000 రూపాయలే, 1,000 మంది ఉన్న బడికీ 75,000 రూపాయలే. వెయ్యి దాటితే లక్ష. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, నల్లా మరమ్మత్తు అన్నీ అండ్లనే.

తమ్ముడు: ఇది సర్కారు చెయ్యాల్సిన పని అక్కా, మా మీద ఎందుకు పెడుతున్నవు? తెలంగాణల ఒక్క పిల్లగాడు గూడ లేని బడులు 2024-25ల రెండు వేలకు పైగా ఉన్నయని కేంద్రం లెక్కలే చెప్పినయి. ఆడ గదులు తాళం వేసి ఉన్నయి, ఈడ వరండాల పాఠాలు. బడులు తక్కువయ్యి కాదు, ఉన్నకాడ పిల్లలు లేక, పిల్లలున్నకాడ బడి లేక వచ్చిన బాధ ఇది.

అక్క: నీ మాట నిజం. కానీ ఆ రెండూ రెండు సంగతులు కావు. ఆ ఖాళీ బడుల పిల్లలే కొందరు మా వరండాల కూసున్నరు. బతుకుతెరువు ఎటు పోతే తల్లిదండ్రులు అటు వస్తరు, వాళ్ల ఎంట పిల్లలు వస్తరు. టీచర్లను ఇటు మార్చొచ్చు, కొంత మార్చిండ్రు గూడ. గదులను లారీల ఎక్కించుకొని తేలేం కద. గది కావాలంటే జాగ కావాలె, జాగ మీ చేతుల ఉన్నది.

తమ్ముడు: మా చేతుల ఎక్కడిది? 2023 ఆగస్టుల హెచ్ఎండీఏ కోకాపేట నియోపోలిస్ ప్లాట్లు ఏలం ఏస్తే ఒకటి ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంత పెట్టి కొన్నోడు బడికి రెండెకరాలు ఇడిచిపెడతడా? అమ్మింది ఎవరు? సర్కారు సంస్థనే. నువ్వు ముందు వాళ్లనడుగు.

అక్క: వాళ్లనూ అడుగుత, నిన్నూ అడుగుత. ఎకరం వంద కోట్లయినంక బడికి జాగ ఎవ్వరూ కొనలేరు. విద్యాశాఖ అసలే కొనలేదు. అందుకే అమ్మకముందే బడి జాగ పక్కకు తీసిపెట్టాలె. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు 2015ల వచ్చినయి. అయిదు వేల జనాభాకు ఒక ప్రైమరీ స్కూలు, ఏడున్నర వేలకు ఒక సీనియర్ సెకండరీ స్కూలు ఉండాలన్నరు. మీ పదమూడు వందల ఫ్లాట్లకు ఇంటికి నలుగురు ఏసుకున్నా అయిదు వేలు దాటిండ్రు. అంటే మీ ఒక్క ప్రాజెక్టుకే ఒక ప్రైమరీ స్కూలు రావాలె. మీ పక్కన ఇంకెన్ని లేస్తున్నయి?

తమ్ముడు: అవి మార్గదర్శకాలు, రూల్స్ కావు. రూల్ ఏది చెప్తే మేం అది చేస్తం. క్లబ్‌హౌస్ కట్టమంటే కడుతున్నం, పదో వంతు ఖాళీ జాగ ఇడవమంటే ఇడుస్తున్నం.

అక్క: క్లబ్‌హౌస్‌కు రూల్ ఉన్నది, పక్కనున్న ఊరి బడికి రూల్ లేదు. నా బాధ అంతా గదే. మీరు నలభై అంతస్తులు కట్టాలంటే ఫైర్ వాళ్ల ఎన్‌వోసీ కావాలె. విమానాలకు అడ్డమొస్తదేమోనని ఎయిర్‌పోర్ట్ అథారిటీ ఎన్‌వోసీ కావాలె. 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలె. ఇంతమంది సంతకాలు పెడుతున్నరు, అండ్ల జిల్లా విద్యాధికారి, డీఈవో సంతకం ఏది? ఇంతమంది జనం వస్తున్నరని ఆ ఆఫీసుకు ఒక కాయితం గూడ పోదు. మాకు తెల్సేది ఎప్పుడు? పిల్లలు గేటు కాడికి వచ్చి నిలబడ్డంక.

ఇక్కడ నేనొక మాట కలపాలి. ముంబైలో, చెన్నైలో నగర కార్పొరేషన్లే బడులు నడుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ మున్సిపల్ స్కూళ్లున్నాయి. హైదరాబాద్ కార్పొరేషన్‌కు బడులు లేవు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతిచ్చి ఫీజు తీసుకునేది ఒక శాఖ, ఆ ఇంటివల్ల వచ్చే పిల్లల్ని చేర్చుకునేది మరో శాఖ. ఔటర్ రింగ్ రోడ్డు లోపలా అంచునా ఉన్న 27 పురపాలికలను 2025 చివర్లో నగరంలో కలిపారు. రోడ్లు, డ్రైనేజీ, చెత్త, పన్నుల గురించి బోలెడంత చర్చ జరిగింది. బడుల గురించి అంత చర్చ వినపడలేదు. దానికి తోడు, స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితి ఇక్కడ 2006 నుంచి లేదు. రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే జాగాను బట్టి ఎంత ఎత్తయినా లేపవచ్చు. ఒక ఎకరంలో చివరికి ఎంతమంది కాపురం ఉంటారో ముందుగా చెప్పగలిగే కాగితం ఏ ఆఫీసులోనూ ఉండదు. తమ్ముడు దీన్నే తన పక్షానికి వాడుకున్నాడు.

తమ్ముడు: ఆ పరిమితి లేకనే అక్కా, హైదరాబాద్‌ల ఇండ్లు ముంబై కన్న, బెంగళూరు కన్న చవకగ ఉన్నయి. నువ్వు అడిగినట్టు బడి సామర్థ్యాన్ని బట్టి పర్మిషన్ ఇయ్యాలంటే ఏమైతదో చెప్తా ఇను. అమెరికాల మేరీలాండ్ రాష్ట్రం, మాంట్‌గోమరీ కౌంటీ. మనోళ్లు గూడ మస్తుమంది ఉంటరు ఆడ. బడులు 120 శాతం దాటి నిండితే ఆ ఏరియాల కొత్త ఇండ్లకు పర్మిషన్ ఆపేసేటోళ్లు. బడులు ఖాళీ అయినయా? కాలే. ఎందుకంటే పిల్లలు ఎక్కువగ వచ్చేది పాత ఇండ్ల నుంచే అని వాళ్ల ప్లానింగ్ శాఖనే తేల్చింది. పెద్దమనుషులు ఇల్లు అమ్ముకొని పోతే చిన్నపిల్లలున్న కుటుంబం దిగుతది. కొత్త ఇండ్లు ఆపితే ధరలు పెరిగినయి తప్ప బడి బరువు తగ్గలే. 2020ల ఆ రూలే తీసేసిండ్రు.

అక్క: పర్మిషన్ ఆపమనుడు నా కోరిక కాదని ముందే చెప్పిన. కాలిఫోర్నియా ఆపలే. 1986 నుంచి కొత్త ఇల్లు కట్టేటోళ్ల కాడ బడుల కోసం చదరపు అడుగుకు ఇంత అని తీసుకుంటున్నరు. 2024ల అది 5.17 డాలర్ల దాక పోయింది. ఆ పైసలు నేరుగ ఆ ఏరియా స్కూలు జిల్లాకే పోతయి, గదులు కట్టనీకి.

తమ్ముడు: మేం కట్టడం లేదా ఏంది? ఇంపాక్ట్ ఫీజు కడుతున్నం. పర్మిషన్ ఫీజు, డెవలప్‌మెంట్ ఛార్జీలు వేరే. కార్మికుల సంక్షేమానికని నిర్మాణ ఖర్చుల ఒక శాతం సెస్సు, అది 1996 చట్టంతోని మొదలైంది. అన్ని కట్టినంక మళ్ల బడికని ఇంకోటి అంటే కొనేటోని మీదనే పడతది.

అక్క: ఎంత పడతదో లెక్క చేద్దాం పట్టు. చదరపు అడుగుకు యాభై రూపాయలు అనుకో. రెండు వేల అడుగుల ఫ్లాటుకు లక్ష. కోటిన్నర, రెండు కోట్లు పెట్టేటోనికి ఆ లక్ష బరువైతదా? పదమూడు వందల ఫ్లాట్లకు పదమూడు కోట్లు. ఒక బడి భవనం, బాత్రూములు, వంటగది, ల్యాబు అన్నీ అయితయి. వేరే ఫీజు ఒద్దంటవా, మీరిప్పుడు కట్టే ఇంపాక్ట్ ఫీజులనే ఇంత వాటా ఆ వార్డు బడికి అని రాయుండ్రి. సెస్సు ఆ కార్మికుల పేరు మీద తీసుకునేదే కద, వాళ్ల పిల్లలు కూసునే గదికి అది ఎందుకు పెట్టొద్దు? అదే 1996ల వచ్చిన నిర్మాణ కార్మికుల చట్టమే, యాభై మంది కన్న ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే సైట్ల పసిపిల్లలకు క్రెష్ ఉండాలన్నది. మీ సైట్ల ఉన్నదా?

తమ్ముడు: ... మా కాడ ఒక షెడ్డు ఉన్నది. ఆయాను పెట్టినం. మంచిగ నడుస్తున్నదని మాత్రం చెప్పలేను.

అక్క: నిజం చెప్పినవు, చాలు.

తమ్ముడు: ఇంకో సంగతి ఉన్నది, దానికి నీ కాడ జవాబు లేదనుకుంట. కాలనీకి వయసైతది అక్కా. ఇయ్యాల చిన్నపిల్లలున్న జంటలు దిగుతరు, ఇరవై ఏండ్లకు పిల్లలు ఎగిరిపోతరు, పెద్దోళ్లే మిగుల్తరు. టెక్సాస్‌ల ప్లేనో చూడు, మన తెలుగోళ్లు కాపురం పెట్టిన ఊరే. ఒకప్పుడు బడి మీద బడి కట్టిండ్రు. 2024ల నాలుగు బడులు మూసేద్దామని బోర్డు తీర్మానం చేసింది, పిల్లలు తగ్గిపోయి. రేపు మనం కట్టిన భవనాల తాళాలు ఏలాడుతయి.

అక్క: ఇరవై ఏండ్ల ఎనుక ఖాళీ అయితదని ఇయ్యాల ఆరో తరగతి పిల్లను వరండాల కూసోబెడతమా? ఆ పిల్లకు బడి వయసు పదేండ్లు. అది మళ్ల రాదు. పైగ నీ ప్లేనో లెక్క ఇంటి ఓనర్లది. ఓనర్లు ముసలోళ్లయినా వాళ్ల ఇంట్ల పనిచేసేటోళ్లు, కార్లు తోలేటోళ్లు, కాపలా ఉండేటోళ్లు వస్తనే ఉంటరు, వాళ్ల పిల్లలూ వస్తనే ఉంటరు. ఖాళీ అయ్యే రోజే వస్తే ఆ భవనం దవాఖానకు ఇయ్యి, లైబ్రరీకి ఇయ్యి. సర్కారు జాగ సర్కారు కాడనే ఉంటది. ఒకసారి అమ్మితే మాత్రం ఎన్నడూ తిరిగి రాదు.

తమ్ముడు: సరే. నేనొక దారి చెప్త. రోడ్డు వెడల్పుకు జాగ ఇస్తే టీడీఆర్ ఇస్తున్నరు కద, ఆ హక్కుతోని పైన అదనపు అంతస్తులు ఏసుకుంటున్నం. బడికి జాగ ఇచ్చినా టీడీఆర్ ఇయ్యమను. రేపే అర ఎకరం రాసిస్తం, మాలాంటోళ్లు పదిమంది ముందుకొస్తరు. బలవంతం చేస్తే కోర్టుకు పోతరు, లాభం చూపిస్తే ఇంటికొచ్చి ఇస్తరు.

అక్క: ఆ అదనపు అంతస్తులల్ల మళ్ల జనమే కద దిగేది? వాళ్ల ఎనుక వచ్చే పిల్లలకు మళ్ల ఎవరియ్యాలె? అయినా ఒప్పుకుంట, జాగ చేతికొస్తదంటే ఒప్పుకుంట. కానీ రెండు షరతులు. ఆ జాగ మెయిన్ రోడ్డు మీద ఉండాలె, చెరువు శిఖంల, హైటెన్షన్ వైర్ల కింద మిగిలిన ముక్క ఇయ్యొద్దు. బడి గేటు మీ కాంపౌండ్ లోపల ఉండొద్దు, రోడ్డుకు తెరుసుకోవాలె. సెక్యూరిటీ గార్డుకు పేరు చెప్పి రిజిస్టర్ల సంతకం పెట్టి ఏ కూలోని బిడ్డా బడికి రాదు.

తమ్ముడు: రోడ్డు మీద జాగ అంటే షాపుల జాగ అక్కా. అండ్లనే మా లాభమంత ఉంటది.

అక్క: తెల్సే అడుగుతున్న.

తమ్ముడు: ఆలోచిస్త. ఇండ్లల్ల దిగనీకి ఇచ్చే సర్టిఫికెట్, ఓసీకి మాత్రం బడిని లింకు పెట్టమనకు. బడి పూర్తి కాలేదని ఓసీ ఆపితే, ఈఎంఐ కట్టుకుంట కిరాయి ఇంట్ల ఉన్న మధ్యతరగతోడు మునుగుతడు. బడి కట్టేది సర్కారు కాంట్రాక్టర్, వాని ఆలస్యానికి మా కస్టమర్‌కు ఎందుకు శిక్ష పడాలె?

అక్క: లింకు లేకపోతే ఎవ్వరూ కట్టరు. ముప్పై ఏండ్ల నౌకరీల నేను చూసింది అదే. అడిగేటోడు లేని పని ఫైలుల నుంచి బయటికి రాదు.

ఓసీ దగ్గర ఇద్దరికీ ఒప్పందం కుదరలేదు. నేను చాలావరకు అక్క పక్షం. తమ్ముడి మాటల్లో ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. అనుమతులు ఆపేస్తే, ఓసీలు బిగబడితే మొదట దెబ్బ తినేది అడ్డా మీద పని కోసం నిలబడే కూలీ, ఆ తర్వాత అప్పు చేసి ఫ్లాటు కొన్న ఉద్యోగి. కాబట్టి ఓసీ కంటే ముందే, బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చే రోజునే బడి లెక్క తేలాలి. జాగ ఆనాడే విద్యాశాఖ పేరున రిజిస్టర్ కావాలి. ఇంపాక్ట్ ఫీజులో బడి వాటా ఆనాడే విడిగా జమ కావాలి. ఆపైన కట్టడం ఆలస్యమైతే జవాబు చెప్పాల్సింది శాఖే, కొనుక్కున్నవాడు కాదు.

టవర్లలో ఉంటున్న పాఠకులకు ఒక మనవి. మీ అపార్టుమెంట్ సంఘం కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను కలిసేటప్పుడు రోడ్డు గురించి, నీళ్ల గురించి అడుగుతుంది. ఆ అర్జీలో పక్కనున్న సర్కారు బడికి అదనపు గదులు కావాలని ఒక వాక్యం చేర్చండి. అక్కడ చదివేది మీ ఇంట్లో వంట చేసే ఆమె కూతురే, మీ గేటు దగ్గర నిలబడే మనిషి కొడుకే. సంఘాల నుంచి వచ్చే ఉత్తరానికి ఉండే విలువ ఆ తల్లిదండ్రుల అర్జీకి ఇప్పటికీ లేదు.

దీనికోసం అసెంబ్లీలో కొత్త చట్టం తేనక్కర్లేదు. మన భవన నిర్మాణ నిబంధనలు 2012లో 168 నంబరు జీవోగా వచ్చాయి. అనుమతుల జాబితాలో డీఈవో సంతకం చేర్చడానికి, ఇంపాక్ట్ ఫీజులో బడి వాటా రాయడానికి దానికొక సవరణ చాలు. ఆ సవరణ వెంటనే రావాలి.